నాలుగు కెమెరాలతో సీలర్ రోబోకు దారి చూపించడం: ఎంక్వైరీ నుంచి అప్పగింత దాకా నా అనుభవం

మా ప్లాంట్‌లో రేకుల అతుకుల మీద సీలెంట్ వేసే సీలర్ రోబోకు దారి చూపించే నాలుగు కెమెరాల వ్యవస్థను 2024 నవంబర్‌లో సంతకాలు పెట్టి అప్పగించుకున్నాం. మొదటి ఎంక్వైరీ పంపింది 2023 ఆగస్టులో. కొటేషన్‌లో రాసింది ఏడు నెలలు, పట్టింది పదిహేను నెలలు. ఆ ప్రాజెక్ట్ ఇంజినీర్‌ని నేనే కాబట్టి మొదటి మీటింగ్ నుంచి చివరి సంతకం దాకా అన్నిట్లో ఉన్నాను. ఇలాంటి పని నెత్తికెత్తుకోబోయే వాళ్లకు కొటేషన్లలో కనిపించని సంగతులు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మేం తిరుపతి జిల్లాలో ట్రక్కులకు క్యాబిన్లు చేసి ఇస్తాం. వెల్డింగ్ అయిన క్యాబిన్ సీఈడీ (కరెంటుతో రేకుకి పట్టించే పూత) పెయింట్ తొట్టిలో మునిగి, ఓవెన్‌లో కాలి, స్కిడ్ అనే మోసే చట్రం మీద సీలింగ్ స్టేషన్‌కి వస్తుంది. రేకులు కలిసే ప్రతి అతుకు మీదా అక్కడ పీవీసీ సీలెంట్ పట్టీ వెయ్యాలి. ఇంతకుముందు నలుగురు గన్ పట్టుకుని చేత్తో వేసేవాళ్లు. పని బాగానే చేసేవాళ్లు. కానీ షిఫ్ట్ చివరికొచ్చేసరికి చెయ్యి అలిసిపోతుంది, పట్టీ ఎక్కడో తెగుతుంది. అక్టోబర్, నవంబర్ వానలకు కస్టమర్ దగ్గర్నుంచి ఫొటోలు వచ్చేవి: డ్రైవర్ కాళ్ల కింద తడిసిన మ్యాట్, దాని కింద తుప్పు. రాత్రంతా బండి నడిపే మనిషి కాళ్లు నానుతూ కూర్చున్నాడంటే అది మా అతుకు వల్లే. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు మనసు పాడైపోయేది.

రోబో పెట్టడం ఒక్కటే అయితే పని తొందరగానే అయిపోయేది. టీచ్ చేసిన, అంటే ముందే నేర్పిన దారిలో అది ఎన్నిసార్లైనా వెంట్రుకవాసి తేడా లేకుండా వెళ్తుంది. చిక్కంతా క్యాబిన్‌తోనే, అది ప్రతిసారీ ఒకే చోట నిలబడదు. స్కిడ్ పిన్నుల మీద ఓవెన్‌లో కాలిన పెయింట్ పేరుకుంటుంది, పాత స్కిడ్లు కొన్ని వంగి ఉంటాయి. మేం కొన్నాళ్లు కూర్చుని కొలిస్తే ఒక క్యాబిన్‌కీ ఇంకోదానికీ ఎనిమిది మిల్లీమీటర్ల దాకా తేడా తేలింది. కొన్నయితే ఒక పక్కకి ఒరిగి కూడా ఉన్నాయి. సీలెంట్ పట్టీ వెడల్పు పది మిల్లీమీటర్లు. నాజిల్ మూడు నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే అతుకుకి ఒక వైపు పట్టు ఉండదు. క్యాబిన్‌ను పైకెత్తి పిన్నుల మీద బిగించే లిఫ్టర్ పెడదామనుకున్నాం. దానికి కన్వేయర్ కింద గుంట తవ్వాలి, లైన్ మూడు వారాలు ఆపాలి. ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోలేదు. అలా కెమెరాల దారి పట్టాం: క్యాబిన్ ఎక్కడ నిలబడిందో కెమెరాలు చూసి చెబితే, రోబో తన దారిని దానికి తగ్గట్టు జరుపుకుంటుంది.

కొటేషన్లు రావడానికే రెండు నెలలు పట్టింది. ఒకరు రోబో చేతికి ఒక కెమెరా తగిలించి, క్యాబిన్ రేకులో గుర్తుగా తీసుకునే ఒక్కొక్క రంధ్రం దగ్గరికి తిప్పి చూపిస్తామన్నారు. ధర తక్కువే, కానీ ఆ తిరుగుడికి పట్టే సమయం మా సైకిల్ టైమ్‌లో, అంటే ఒక్కో క్యాబిన్‌కి ఉన్న సమయంలో ఇమడదు. ఇంకొకరు మూడు కెమెరాలు చాలన్నారు. లెక్క ప్రకారం వాళ్ల మాట నిజమే. క్యాబిన్ ఎక్కడుందో చెప్పడానికి ఆరు అంకెలు కావాలి: మూడు దిక్కుల్లో జరుగుడు, మూడు దిక్కుల్లో తిరుగుడు. ఒక రంధ్రాన్ని చూసిన ఒక్కో కెమెరా రెండు అంకెలు ఇస్తుంది, మూడు కెమెరాలకి ఆరు సరిపోతాయి. కానీ ఏదో ఒక రంధ్రం దెబ్బతిని ఉంటే ఆ సంగతి మూడు కెమెరాలకి తెలియదు. తప్పుడు అంకెకి కూడా చక్కగా ఒక జవాబు తయారుచేసి రోబోకి పంపేస్తాయి. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు. నాలుగు కాళ్లది ఊగితేనే ఏదో కాలో, నేలో సరిగ్గా లేదని తెలుస్తుంది. నాలుగో కెమెరా ఇచ్చే అదనపు రెండు అంకెలు సరిగ్గా అందుకే. అన్నిటినీ కలిపి సరిపెట్టాక మిగిలిపోయే తేడాని సాఫ్ట్‌వేర్‌లో ఫిట్ ఎర్రర్ అంటారు. ఈ మొత్తం కథలో నన్ను నిద్రపోనివ్వనిదీ, చివరికి కాపాడిందీ ఆ ఒక్క అంకే. డబ్బు మిగులుతుందని మూడింటితో సరిపెట్టుకోకండి.

2023 నవంబర్‌లో ఆర్డర్ పెట్టాం. రోబో కాకుండా విజన్ (కెమెరాలు, లైట్లు, సాఫ్ట్‌వేర్) భాగానికి మాత్రమే జీఎస్టీ కలిపి ముప్పై లక్షలు దాటింది. అందులో కెమెరాల వాటా చూసి మా ఫైనాన్స్ వాళ్లు ఆశ్చర్యపోయారు, ఎందుకంటే అది చాలా చిన్నది. ఐదు మెగాపిక్సెల్ కెమెరా ఒక్కోటి లక్షకి లోపే, లెన్సు దానిలో మూడో వంతు. డబ్బంతా సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌కీ, లైట్లకీ, ఇంజినీర్ల రోజులకీ పోతుంది. కొటేషన్‌లో అసలు లేనివి తర్వాత ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి: వస్తువులు ఎక్కడున్నాయో లేజర్‌తో కచ్చితంగా కొలిచే లేజర్ ట్రాకర్ అద్దె (రోజుకి ముప్పై వేల పైన, మనిషి బస, ప్రయాణం వేరే), కంప్యూటర్ పెట్టెకి చిన్న ఏసీ, పైకప్పుకి కర్టెన్, విడిగా ఒక స్పేర్ కెమెరా. ఇవన్నీ కలిపి దాదాపు నాలుగు లక్షలు. వాటికి మళ్లీ మళ్లీ అప్రూవల్ అడగడం డబ్బుకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

జనవరిలో రావాల్సిన కెమెరాలు మార్చి మధ్యలో వచ్చాయి. ఏప్రిల్‌లో టెస్ట్ చూడ్డానికి పుణెలో వెండర్ షెడ్‌కి వెళ్లాం. మామూలుగా అక్కడ నల్ల చుక్కలున్న తెల్ల ప్లేటు చూపించి రిజల్ట్ ఇస్తారు. నేను ముందే పట్టుబట్టి మా సీఈడీ పూసిన క్యాబిన్‌ని ట్రక్కులో పంపించాను. రానూపోనూ లారీ బాడుగ ఖర్చయినా, ఆ ప్రాజెక్ట్‌లో అంతకంటే బాగా ఖర్చుపెట్టిన డబ్బు లేదు. ఎందుకంటే ప్లేటు మీద ఒక మిల్లీమీటర్‌లో ఆరో వంతు కూడా తప్పని వ్యవస్థ, మా క్యాబిన్ మీద రెండు రంధ్రాలను అసలు రంధ్రాలుగానే గుర్తించలేదు. తొట్టిలోంచి పైకి తీసినప్పుడు పెయింట్ కారి రంధ్రం కింది అంచున బొట్టులా గట్టిపడుతుంది. కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది, కెమెరాకి మాత్రం కన్నీటి చుక్క ఆకారం. పై అంచునీ పక్క అంచుల్నీ మాత్రమే తీసుకుని, కింది భాగాన్ని వదిలేసి వృత్తం గీసేలా వాళ్లు ప్రోగ్రామ్ మార్చారు. దీనికి రెండు వారాలు. ఇదే మా ప్లాంట్‌కి వచ్చాక బయటపడి ఉంటే లైన్ మీద ఎంత గొడవయ్యేదో తలుచుకుంటేనే భయం.

అక్కడే ఇంకొకటి తెలిసింది. డిజైన్ వాళ్లు డ్రాయింగ్‌లో చూపించిన నాలుగు రంధ్రాల్లో ఒకటి విడిగా అతికించే ఒక చిన్న బ్రాకెట్ మీద ఉంది. ఆ బ్రాకెట్ వెల్డింగ్‌లో ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ జరుగుతుంది. క్యాబిన్ సరిగ్గానే ఉన్నా కెమెరా తప్పు చెబుతుంది. క్యాబిన్ వెల్డింగ్ చేసే బాడీ షాప్‌లో, రేకుల్ని కదలకుండా పట్టే వెల్డింగ్ జిగ్ ఏ రంధ్రాలను పట్టుకుంటుందో అవే కెమెరాలకీ ఇవ్వాలి. ఈ ముక్క ఎంక్వైరీ కాగితంలోనే రాసేయండి.

మే నెలలో మా దగ్గర బిగింపు మొదలైంది. క్యాబిన్ చుట్టూ అల్యూమినియం ఫ్రేమ్, దాని మీద నాలుగు మూలలా కెమెరాలు, లైట్లు. ఒక్కో కెమెరా దాదాపు 250 మిల్లీమీటర్ల వెడల్పున చూస్తుంది. 2448 పిక్సెళ్లకి పంచితే పిక్సెల్‌కి పదో వంతు మిల్లీమీటర్. కాలిబ్రేషన్, అంటే కెమెరాల కొలతల్ని సరిచూసి కుదర్చడం, ఒక పూటలో అయిపోతుందని అందరూ అనుకున్నారు. నిజానికి అందులో మూడు పనులున్నాయి. ఒక్కో లెన్సు బొమ్మని ఎంత వంచుతుందో కనిపెట్టడం మొదటిది. చుక్కల ప్లేటుని రకరకాల కోణాల్లో చూపిస్తే ఇది తేలుతుంది. జెంగ్యౌ జాంగ్ అనే పరిశోధకుడు 2000లో ప్రచురించిన పద్ధతే ఇప్పటికీ దాదాపు అందరూ వాడుతున్నారు. రెండోది నాలుగు కెమెరాలూ ఒకదానికొకటి ఎక్కడున్నాయో కొలవడం. ఇవి ఒకే రంధ్రాన్ని చూడవు, ఒకదాని బొమ్మలో ఇంకోదాని బొమ్మ ఎక్కడా కలవదు, అందుకే లేజర్ ట్రాకర్ తప్పలేదు. మూడోది కెమెరాల లోకాన్నీ రోబో లోకాన్నీ కలపడం. రోబో చేతికి ప్లేటు తగిలించి, ఎన్నో భంగిమల్లో తిప్పి, రెండు వైపుల అంకెల్నీ జోడించి లెక్కగట్టాలి. బిగింపుకి వారం అయితే, ఈ మూడు పనులకీ అంతకు రెట్టింపు పట్టింది.

ఆ తర్వాత బాగున్న ఒక క్యాబిన్‌ని మాస్టర్‌గా ఎంచుకుని, దాని మీద రోబోకి అతుకులన్నీ టీచ్ చేశాం. అప్పుడు కెమెరాలు చూసిన స్థానమే మూలం. తర్వాత వచ్చే ప్రతి క్యాబిన్ ఆ మూలం నుంచి ఎంత జరిగిందో మాత్రమే కెమెరాలు చెబుతాయి, రోబో తన దారినంతా అంతే జరుపుకుంటుంది. టీచింగ్ రోజుల్లో పాత సీలింగ్ గ్యాంగ్‌లోని సీనియర్ అన్న పక్కనే నిలబడి, "మేడమ్, కీలు దగ్గర మూడు రేకులు కలుస్తాయి, అక్కడ గన్ ఒక్క క్షణం ఆపాలి, లేకపోతే లోపలికి దిగదు" అని చెప్పాడు. అక్కడ రోబో వేగం తగ్గించాం. ఏ డ్రాయింగ్‌లోనూ లేని మాట అది. ఈ నలుగురి పని ఏమవుతుందోనన్న దిగులు నాకు మొదటి రోజు నుంచీ ఉంది. ముగ్గుర్ని ఫినిషింగ్‌కి మార్చారు, అన్న ఇప్పుడు ఈ రోబో స్టేషన్‌నే చూసుకుంటున్నాడు. దాన్ని కాగితం మీద రాయించుకునేదాకా నేను ఊరుకోలేదు.

మే చివర్లో అసలు కష్టం మొదలైంది. ఉదయం షిఫ్ట్‌లో ఫిట్ ఎర్రర్ 0.2 మిల్లీమీటర్ దగ్గర నిలకడగా ఉండేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి 0.6, ఒక్కోసారి 0.8. రాత్రికి మళ్లీ మామూలే. వెండర్ ఇంజినీర్ సాఫ్ట్‌వేర్‌లో వెతుకుతూ కూర్చున్నాడు. చివరికి ఫ్రేమ్‌కి ఒక థర్మామీటర్ కట్టి రోజంతా రాశాం. తెల్లవారుజామున 28 డిగ్రీలు, మధ్యాహ్నం రేకుల పైకప్పు కింద 43. అల్యూమినియం డిగ్రీకి, మీటరుకి దాదాపు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) సాగుతుంది. రెండు మీటర్ల బీమ్, పదిహేను డిగ్రీలు: సుమారు 0.7 మిల్లీమీటర్. కెమెరాలు తప్పు చూడ్డం లేదు, అవి ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి. ఆ లెక్క కాగితం మీద తేలిన సాయంత్రం నాకు కలిగిన ఊరట చెప్పలేను. కనీసం శత్రువెవరో తెలిసింది.

పుణెలో ఏసీ ఉన్న షెడ్‌లో ఇది ఎలా కనిపిస్తుంది? మీ టెస్ట్‌ని ఎండాకాలం మధ్యాహ్నం, మీ సొంత షెడ్‌లో పెట్టించుకోండి. మేం ఫ్రేమ్ తీసేసి, ఒక్కో కెమెరాకి విడిగా మందపాటి స్టీల్ స్తంభం కాంక్రీట్‌లోకి బోల్టు చేశాం. స్టీల్ సాగేది అందులో దాదాపు సగం, పైగా ఇప్పుడు వాటిని కలిపే పొడుగు బీమ్ లేదు. ప్రతి కెమెరా చూపులో ఒక మూలగా, నేలకి బిగించిన చిన్న గుర్తు ప్లేటు పెట్టాం. క్యాబిన్ రాకముందు కెమెరా ఆ గుర్తుని చూసి, తాను ఎంత జరిగిందో సరిచేసుకుంటుంది. ఈ మార్పుకి, మళ్లీ కాలిబ్రేషన్‌కి, ట్రాకర్ రెండోసారి తెప్పించడానికి జూన్ మొత్తం పోయింది.

ఇక వెలుగు. రోజూ సాయంత్రం నాలుగు దాటాక మూడో కెమెరా దగ్గర్నుంచి "మేడమ్, మళ్లీ ఎన్‌జీ" (నాట్ గుడ్, అంటే ఫెయిల్) అని పిలుపు వచ్చేది. పైకప్పులో వెలుతురు కోసం వేసిన ఫైబర్ షీట్ల లోంచి ఎండ ఏటవాలుగా సరిగ్గా ఆ రంధ్రం మీద పడుతోంది, మెరిసే సీఈడీ పూత దాన్ని తళుక్కుమనిపిస్తోంది. మబ్బు పట్టిన రోజున అసలు రాదు. కర్టెన్ వేశాం. అదే సమయానికి ఎర్ర లైట్ల మెరుపులతో తలనొప్పి వస్తోందని పక్క స్టేషన్ వాళ్లు ఫిర్యాదు చేశారు. అది సాకు కాదు, నేను ఒక షిఫ్టంతా అక్కడ కూర్చుని చూశాను, నాకూ వచ్చింది. లైట్లని 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌కి మార్చి, లెన్సులకి ఆ వెలుగునే రానిచ్చే ఫిల్టర్లు పెట్టించాం. షెడ్‌లోని ఎల్‌ఈడీ దీపాల బెడద కూడా దాంతో పోయింది. ఒక్క జాగ్రత్త: ఆ వెలుగు కంటికి దాదాపు కనిపించదు కాబట్టి ఎవరూ కళ్లు మూసుకోరు, ముఖం పెట్టి చూసేస్తారు. దీపాల వెలుగు భద్రతకి సంబంధించిన ఐఈసీ 62471 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కళ్లకి ఎంత రిస్కో రిపోర్ట్ ఇమ్మని సప్లయర్‌ని అడగండి. లైట్ల మార్పుకి ఐదు వారాలు వేచి చూశాం.

ఇంతలో జూలై నెలాఖరున డిస్పాచ్ టార్గెట్‌కి క్యాబిన్ తగ్గిందని ఎవరో మా మాస్టర్ క్యాబిన్‌ని లైన్‌లో ఎక్కించి పంపించేశారు. పసుపు రంగు పూయించి, బోర్డు పెట్టి ఉంచినది కాదు. గోడ పక్కన చీటీ అంటించి ఉన్న మామూలు క్యాబిన్. అంకెలు కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి ఉత్పత్తి ఆగలేదు, కానీ అనుమానం వచ్చినప్పుడు పెట్టి సరిచూసుకునే వస్తువే పోయింది. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. కొత్త మాస్టర్‌ని కొలిపించి, ఈసారి పసుపు రంగు వేసి, నేలకి గొలుసుతో కట్టించాం. ఆస్తుల రిజిస్టర్‌లో కూడా ఎక్కించాం, ఎందుకంటే రిజిస్టర్‌లో ఉన్నదాన్ని డిస్పాచ్ వాళ్లు ముట్టుకోరు.

ఆగస్టు, సెప్టెంబర్‌ల్లో గొడవంతా ఒక్క అంకె మీద. ఫిట్ ఎర్రర్ 0.8 దాటితే రోబో ఆగి ఆపరేటర్‌ని పిలిచేలా పెట్టాం. షిఫ్ట్‌కి కొన్నిసార్లు ఆగేది. ప్రొడక్షన్ వాళ్లు దాన్ని రెండు మిల్లీమీటర్లు చెయ్యమన్నారు. మీటింగ్‌లో నన్నొక్కదాన్నే అడ్డుపడుతున్న మనిషిలా చూశారు. ఆగిన క్యాబిన్లన్నిటి బొమ్మలూ దాచి, ఒక్కొక్కటీ విప్పి చూపించాను. కొన్నిటిలో రంధ్రం మీద పాత సీలెంట్ అంటుకుంది. కొన్ని లైన్ వేగం పెంచినప్పుడు ఓవెన్ నుంచి చల్లారకుండానే వచ్చేసినవి. ఒకటిన్నర మీటర్ల రేకు ఇరవై డిగ్రీలు వేడెక్కితే మూడో వంతు మిల్లీమీటర్ పైనే పెరుగుతుంది, పెరిగిన క్యాబిన్ మాస్టర్ కొలతలకి సరిపోదు. రెండు మాత్రం నిజంగా వంకరపోయిన క్యాబిన్లు, వాటిని ఎవరూ పట్టుకోలేదు. పరిమితి రెండు చేసి ఉంటే ఆ రెండూ కస్టమర్‌కి వెళ్లిపోయేవి. చివరికి పరిమితి 0.8 గానే ఉంచి, రంధ్రాల మీద తుడిచే పని ముందు స్టేషన్‌కి ఇచ్చారు, చల్లారే సమయం పెంచారు. ఆగడం చాలావరకు తగ్గింది. మీ దగ్గరా ఈ ఒత్తిడి వస్తుంది. ఆగిన ప్రతిసారీ బొమ్మ సేవ్ అయ్యేలా మొదటి రోజే పెట్టించుకోండి, మాటలతో ఈ వాదన గెలవలేం.

అప్పగింత పరీక్ష అక్టోబర్‌లో పెట్టాం. వెండర్ ఇచ్చిన పద్ధతి ఒక్కటే: క్యాబిన్‌ని కదపకుండా యాభై సార్లు కొలవడం. అది సులభంగా పాసవుతుంది. దానితో ఆగకండి. మేం స్కిడ్ కింద తెలిసిన మందం షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) పెట్టి, డయల్ గేజ్‌తో కొలుస్తూ ఐదు మిల్లీమీటర్లు జరిపి, కెమెరాలు కూడా ఐదే అంటున్నాయా అని చూశాం. తర్వాత ఒక మూల మాత్రమే ఎత్తి చూశాం. ఒక మూల ఎత్తినప్పుడే అవతలి చివర నాజిల్ ఒక మిల్లీమీటర్ పైన తప్పడం బయటపడింది, రోబో-కెమెరా కలిపే లెక్కలో కోణం కొద్దిగా తేడా ఉంది. మళ్లీ చేయించాం. డబ్బు విషయంలో ఒక మాట: ఆర్డర్ అప్పుడు, సరుకు పంపినప్పుడు కలిపి తొంభై శాతం ఇచ్చేశాం, చేతిలో మిగిలింది పది శాతమే. ఈ చివరి నెలల్లో వెండర్ ఇంజినీర్‌ని రప్పించడానికి ఆ పది శాతం సరిపోలేదు, ఫోన్ల మీద ఫోన్లు చెయ్యాల్సి వచ్చింది. కనీసం పాతిక శాతం అప్పగింత దాకా ఆపుకునేలా ఒప్పందం రాసుకోండి.

నవంబర్‌లో వానల మధ్య సంతకాలయ్యాయి. క్యాబిన్ మీద నీళ్లు చిమ్మి చూసే మా షవర్ టెస్ట్‌లో రోబో వేసిన అతుకుల దగ్గర కారడం చాలా అరుదైపోయింది. ఇప్పుడు కారేవి ఎక్కువగా చేత్తో వేసే తలుపు రబ్బర్ల దగ్గర, అది వేరే ప్రాజెక్ట్. పెయింట్ బొట్టు పడే ఆ రంధ్రాల్ని కాస్త పెద్దవి చేసి, కింది నుంచి కారిపోయేలా మార్చమని బాడీ షాప్‌కి రాశాను. రేకుని నొక్కే అచ్చు (డై) మార్చాలి కాబట్టి కొత్త మోడల్ వచ్చినప్పుడు చూద్దామన్నారు. అప్పటిదాకా కింది అంచుని వదిలేసే ప్రోగ్రామే నడుస్తుంది.